కోయని కత్తిపీట: ఇంటి వస్తువును సరదా శిల్పంగా మలిచే పద్ధతి

వంటింట్లో రోజూ వాడే వస్తువును నైరూప్య శిల్పంగా మలచాలనుకునే వారు సాధారణంగా గ్లాసుతోనో చెంబుతోనో మొదలుపెడతారు. నా ఉద్దేశంలో అంతకంటే మంచి వస్తువు కత్తిపీట. దాని రూపంలో ఉన్నవి రెండే భాగాలు: నేల మీద అడ్డంగా పరచుకున్న ఒక చెక్క, దాని మీంచి నిలువుగా లేచి వంపు తిరిగిన ఒక ఇనుప కత్తి. ఈ రెండింటి నడుమ ఉన్న వైరుధ్యంలోనే శిల్పానికి కావలసిన సరుకు సగం సిద్ధంగా ఉంది. పైగా మామూలు చాకు కూరగాయ మీదికి వెళుతుంది కానీ, కత్తిపీట దగ్గర కత్తి కదలదు, కూరగాయే కత్తి దగ్గరికి వస్తుంది. ఇక్కడ వివరించే శిల్పంలో ఆ కత్తి తాను రోజూ కోసే వంకాయలా ఉబ్బి, నున్నబడి, పదును పోగొట్టుకుని నిలబడుతుంది. పీట మీద నుంచి మొన దాకా దాని ఎత్తు సుమారు 60 సెంటీమీటర్లు. దీనికి కావలసిన సామగ్రి అంతా హార్డ్‌వేర్ దుకాణంలోనూ కిరాణా కొట్టులోనూ దొరుకుతుంది. అయితే పొరలన్నీ ఆరాలి కనుక ఎండాకాలంలో రెండు వారాలు, వానాకాలంలో దాదాపు నెల పడుతుంది.

పని మొదలుపెట్టే ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. వస్తువులో దేనిని ఉంచాలి, దేనిని పెంచాలి, దేనిని తలకిందులు చేయాలి అన్నదే అది. ఉంచవలసినవి, పెంచవలసినవి రెండు మూడైనా ఉండవచ్చు కానీ, తలకిందులు చేయవలసినది ఒక్కటే ఉండాలి. ఉదాహరణకు, కళాకారిణి మెరెట్ ఓపెన్‌హైమ్ 1936లో ఒక టీ కప్పుకు, సాసరుకు, చెంచాకు జంతువు బొచ్చు తొడిగారు. ఆమె వాటి ఆకారాన్ని ముట్టుకోలేదు, మార్చింది పైపొరను మాత్రమే. మరో కళాకారుడు మాన్ రే 1921లో ఒక ఇస్త్రీ పెట్టె అడుగున మేకుల వరుస అతికించారు. ఆ ఒక్క వరుసతో బట్టలు చదును చేసే వస్తువు కాస్తా బట్టలు చింపే వస్తువయింది. శిల్పి క్లేస్ ఓల్డెన్‌బర్గ్ 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో నిలిపిన బట్టల క్లిప్పు 45 అడుగుల ఎత్తుంటుంది, అక్కడ ప్రధానంగా మారింది పరిమాణం. వీటిలో ఏ ఒక్కదానికైనా మిగిలిన రెండు మార్పులు కూడా చేర్చి ఉంటే, చూసేవారికి వస్తువు గుర్తుకు రాకుండా పోయి, ఊరేగింపు శకటం మాత్రమే కనిపించేది. కాబట్టి మన కత్తిపీటలో తలకిందులయ్యేది ఒకే ఒక్క సంగతి: కోసేది కోయబడేదానిలా మారుతుంది. లావు, నునుపు, రంగు అన్నీ ఆ ఒక్క మార్పులోంచే పుట్టుకురావాలి తప్ప, వేటికవే విడిగా వచ్చి చేరకూడదు.

ఇప్పుడు అసలు వస్తువును ఎదురుగా పెట్టుకుని గమనించాలి. పదును మీద ఒక పాత గుడ్డ చుట్టి దారంతో కట్టిన తరువాతే దానిని చేతిలోకి తీసుకోవాలి. ఏళ్ల తరబడి వాడిన కత్తిపీట అయితే మరీ మంచిది. అలాంటి పీట మీద కాలు అదిమిపెట్టే చోట చెక్క నల్లబడి, నిగనిగలాడుతూ, కొద్దిగా గుంటపడి ఉంటుంది. కత్తి మొదలు దగ్గర ఉన్న వెడల్పు నడుమ భాగంలో ఉండదు, ఎందుకంటే ఎక్కువగా కోసేది అక్కడే, సాన పట్టేటప్పుడు ఎక్కువగా అరిగేదీ అక్కడే. మొనకు కొబ్బరి కోరు ఉంటే దాని పళ్లు, కత్తి పీటలోకి దిగే చోట బిగించిన ఇనుప పట్టీ, ఆ పట్టీ చుట్టూ చేరిన తుప్పు, వీటన్నిటినీ ఒకసారి కాగితం మీద ఉన్నదున్నట్టుగా గీయాలి. వంపు ఎంత, ఎటువైపు అన్నది ఊరిని బట్టీ చేసిన కమ్మరిని బట్టీ మారుతుంది కనుక ఇంటర్నెట్‌లో దొరికే బొమ్మల కంటే ఇంట్లో ఉన్న కత్తిపీటనే నమ్ముకోవాలి.

తరువాత కత్తిపీటను లోపల పెట్టేసి, జ్ఞాపకం నుంచి పది పన్నెండు సార్లు గబగబా గీయాలి. ఒక్కో బొమ్మకు అర నిమిషం మించకూడదు. ఈ బొమ్మల్లో పట్టీ, తుప్పు, కోరు పళ్లు దాదాపు మాయమవుతాయి, వంపు మాత్రం ప్రతిసారీ వస్తుంది, అదీ ఉన్నదానికంటే కొంచెం ఎక్కువగా. నైరూప్యం అంటే పెద్ద సిద్ధాంతమేమీ కాదు, జ్ఞాపకం తనంతట తానుగా చేసే ఈ ఏరివేతను చేతులారా పూర్తి చేయడమే. గీసిన వాటిలో వంపు బాగా కుదిరిన బొమ్మను ఎంచుకుని, దాని గీతను లావు చేస్తూ పోవాలి. ఎంత లావు చేసిన తరువాత అది కత్తిపీటలా కనిపించడం మానేస్తుందో అక్కడ ఆగి, ఒక మెట్టు వెనక్కి రావాలి. ఈ అంచును కనిపెట్టడానికి తేలికైన పరీక్ష ఒకటుంది: బొమ్మను నల్లకాగితంలో నీడబొమ్మలా కత్తిరించి, సంగతి తెలియని వారికి చూపించి, అదేమిటని అడగాలి. కాసేపు ఆలోచించి నవ్వుతూ కత్తిపీట అన్నారంటే లావు సరిపోయినట్టే. వెంటనే చెప్పేస్తే ఇంకా లావు చేయవచ్చు. కొంగ అనో నాగుపాము అనో అంటే మాత్రం వంపు దారి తప్పిందని అర్థం.

ఆ కొంగ గురించి ముందే ఒక మాట చెప్పుకోవాలి. ఈ ఆకారం పక్షి మెడలా ఉంటుంది కనుక మొన దగ్గర రెండు కళ్లు పెట్టాలన్న కోరిక దాదాపు ప్రతివారికీ కలుగుతుంది. పెట్టకూడదు. పికాసో 1942లో ఒక సైకిల్ సీటునూ హ్యాండిల్‌నూ కలిపి ఎద్దు తల చేసినప్పుడు కళ్లు చేర్చలేదు. అందుకే చూసేవారికి ఎద్దూ కనిపిస్తుంది, సైకిలూ కనిపిస్తుంది. కళ్లు పెట్టిన మరుక్షణం కత్తిపీట తప్పుకుని పక్షిబొమ్మ ఒక్కటే మిగులుతుంది.

కాగితం మీద కుదిరిన రూపాన్ని బంకమన్నుతో జానెడు ఎత్తున ఒకసారి చేసి చూసుకోవాలి. పక్క నుంచి అందంగా ఉన్న వంపు ఎదురుగా చూస్తే రోకలిబండలా ఉందేమో, వెనక నుంచి చూస్తే ఏమీ లేనట్టుందేమో ఇక్కడే తెలుస్తుంది. శిల్పం చుట్టూ మనిషి తిరుగుతాడు కాబట్టి ప్రతి వైపు నుంచీ ఏదో ఒకటి జరుగుతూ ఉండాలి. వంపును నేరుగా వెనక్కి కాకుండా కొద్దిగా ఎడమకో కుడికో మెలితిప్పితే ఈ సమస్య చాలావరకు తీరుతుంది. ఈ చిన్న మట్టి బొమ్మను పారేయకుండా చివరిదాకా ఎదురుగా ఉంచుకోవాలి.

పీటకు 45 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు, 4 సెంటీమీటర్ల మందం ఉన్న టేకు లేదా వేప చెక్క తీసుకోవాలి. ప్లైవుడ్ చౌక కానీ, పొరల అంచులు కనిపిస్తాయి, బరువూ చాలదు. ఇంట్లో కత్తి విరిగిపోయిన పాత పీట ఉంటే దానిని మించినది లేదు. చెక్క అడుగున రెండు అడ్డపట్టీలు కొడితే పీట నేల నుంచి కొద్దిగా లేచి ఉంటుంది, అస్థిపంజరం కోసం పై నుంచి దింపే తీగల కొసలు కూడా నేలకు తగలవు. కత్తి లేచే చోట, పీట ఒక కొస నుంచి 12 సెంటీమీటర్ల లోపలికి, చతురస్రాకారంలో నాలుగు రంధ్రాలు వేయాలి. అందుకు వాడే 8 గేజీ జీఐ తీగ (జింకు పూత ఉన్న ఇనుప తీగ) మందం సుమారు 4 మిల్లీమీటర్లు ఉంటుంది కనుక డ్రిల్లు బిట్టు కూడా అంతే ఉండాలి, వదులుగా ఉండకూడదు. గేజీ అంకె పెరిగే కొద్దీ తీగ సన్నబడుతుందన్న సంగతి దుకాణంలో గుర్తుంచుకోవాలి.

ఆ తీగను సుమారు 175 సెంటీమీటర్ల పొడవున కత్తిరించి, నేల మీద అసలు కొలతలో గీసుకున్న బొమ్మ మీద పెట్టి, పక్క నుంచి కనిపించే రూపురేఖ ప్రకారం వంచాలి. కొసలు రెండూ రెండు రంధ్రాల్లోంచి కిందికి దింపి, అడుగున పక్కకు మడిచి, యూ మేకులతో బిగించాలి. రెండవ తీగను ఇంతకంటే సన్నని రూపురేఖగా వంచి, మొదటిదానికి అడ్డంగా మిగిలిన రెండు రంధ్రాల్లో దింపాలి. ఇవి రెండూ మొన దగ్గర కలిసే చోట 18 గేజీ బైండింగ్ తీగతో గట్టిగా చుట్టి, పై నుంచి కింది దాకా ఏడెనిమిది సెంటీమీటర్లకొకటి చొప్పున అదే తీగతో కడియాలు కట్టాలి. మొదలు దగ్గర సుమారు 6, పొట్ట దగ్గర 16, మొన దగ్గర 4 సెంటీమీటర్ల మందం వచ్చేలా కడియాలు ఉంటే వంకాయ పోలిక కుదురుతుంది. కత్తిరించిన ప్రతి తీగ కొసనూ లోపలికి వంచేయాలి, లేకపోతే తరువాత కాగితం అతికించేటప్పుడు వేళ్లు చీరుకుపోతాయి.

ఈ అస్థిపంజరం నిలబడగానే దాని సమతూకం పరీక్షించాలి, ఎందుకంటే ఇంకా వంచి సరిదిద్దే వీలున్నది ఇప్పుడే. ఒక దారానికి నట్టు కట్టి మొన నుంచి వేలాడదీయాలి. నట్టు పీట వెడల్పు లోపల, పొడవు లోపల ఎక్కడ పడినా ఫరవాలేదు, బయట పడితే మాత్రం వంపు తగ్గించాలి. పీట ఒక అంచును రెండంగుళాలు పైకెత్తి వదిలినప్పుడు పడిపోకుండా తిరిగి కూర్చోవాలి. పైన కాగితం, మక్కు (జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్ద) చేరి బరువు పెరుగుతుంది కనుక ఇప్పుడు అరకొరగా నిలబడే రూపం రేపు తప్పకుండా పడుతుంది.

కడియాల లోపల పాత వార్తాపత్రికలను ఉండలుగా చుట్టి నింపాలి. కిందిభాగంలో గట్టిగా కుక్కి, పైకి వెళ్లే కొద్దీ వదులుగా నింపితే బరువు కిందనే ఉంటుంది. పైన మాస్కింగ్ టేపు చుట్టి, గుంటలూ మిట్టలూ లేకుండా చదును చేయాలి. ఉబ్బును ఈ దశలోనే పూర్తిగా తీసుకురావాలి, పైపొరలు దానిని కప్పుతాయే కానీ మార్చలేవు. పీటకు ప్లాస్టిక్ కాగితం చుట్టి, టేపుతో మూసివేయాలి.

జిగురు కోసం ఒక కప్పు మైదాను కప్పు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న నాలుగు కప్పుల నీళ్లలో పోసి, మూడు నాలుగు నిమిషాలు కలుపుతూ ఉడికించాలి. గరిటె వెనుక పూతలా నిలిస్తే సరిపోయినట్టే. చెంచాడు ఉప్పు వేస్తే బూజు త్వరగా పట్టదు. బైండింగ్ పనివారు పురుగు పట్టకుండా మైదా జిగురులో మైలుతుత్తం కలిపే అలవాటుంది కానీ, అది విషం. పిల్లలు కూడా చేయి వేసే పని కనుక దాని జోలికి పోకుండా, చివరి రెండు పొరలకు మైదా బదులు ఫెవికాల్‌లో సగం నీళ్లు కలిపి వాడుకోవచ్చు.

కాగితాన్ని కత్తెరతో కత్తిరించకూడదు, చేత్తో చింపాలి. చిరిగిన అంచు పీచుగా పలచబడి పక్క ముక్కలో కలిసిపోతుంది, కత్తిరించిన అంచు మాత్రం ఎన్ని పొరలు వేసినా గీతలా తేలుతుంది. వార్తాపత్రిక ఒక దిశలో తిన్నగా చిరుగుతుంది, రెండో దిశలో వంకరటింకరగా పోతుంది. తిన్నగా చిరిగే దిశలో మూడు సెంటీమీటర్ల వెడల్పు పట్టీలు తీసి, వంపు లోపలి భాగానికి వాటిని ఇంకా చిన్న ముక్కలు చేసుకోవాలి. మొదటి పొర నిలువుగా, రెండవది అడ్డంగా, మూడవది ఐమూలగా, ఇలా మార్చుతూ మొత్తం ఆరు పొరలు వేయాలి. ఒక పొరకు తెలుగు పత్రిక, తరువాతి పొరకు ఇంగ్లీషు పత్రిక వాడితే ఎక్కడ ఖాళీ మిగిలిందో అక్షరాలే చెబుతాయి. రెండేసి పొరలకు ఒకసారి పూర్తిగా ఆరనివ్వాలి. మొదటి రోజు నీడలోనే ఉంచడం మంచిది, తడి కాగితాన్ని ఒక్కసారిగా ఎండలో పెడితే ఒకవైపు ముందుగా బిగుసుకుని ముడతలు పడుతుంది. ఆరిందో లేదో తెలియాలంటే చెంపకు ఆనించి చూడాలి: లోపల తడి ఉంటే అది ఆవిరవుతూ చల్లగా తగులుతుంది.

ఇక ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన దశ మక్కు. కొండపల్లి బొమ్మలు చేసేవారు తెల్లపొణికి చెక్కతో విడివిడిగా చెక్కిన భాగాలను అతకడానికీ, రూపాన్ని నిండుగా తీర్చడానికీ చింతపిక్కల జిగురులో రంపపు పొట్టు కలిపి వాడతారు. చేర్యాల మాస్కుల తయారీలో కూడా ఈ మిశ్రమమే ప్రధానం. బజారులో దొరికే వాల్ పుట్టీ కంటే ఇది తేలిక, కాగితానికి గట్టిగా పట్టుకుంటుంది, ఆరిన తరువాత చెక్కలాగే చెక్కుకోవచ్చు, ఉప్పుకాగితంతో నున్నగా రుద్దుకోవచ్చు. చింతపిక్కలను దోరగా వేయించి, పైన ఉన్న గోధుమరంగు పొట్టు తీసేసి, లోపలి తెల్లని పప్పును రాత్రంతా నానబెట్టి మెత్తగా రుబ్బాలి. ఆ ముద్దకు సుమారు పది రెట్ల నీళ్లు చేర్చి, సన్నని సెగ మీద అడుగంటకుండా కలుపుతూ, నిగనిగలాడే చిక్కని జిగురు అయ్యేదాకా ఉడికించాలి. చల్లారాక, సన్నని జల్లెడలో జల్లించిన రంపపు పొట్టును కొద్దికొద్దిగా కలుపుతూ, చపాతీ పిండిలా వేళ్లకు అంటకుండా వచ్చేదాకా పిసకాలి. పొట్టు సన్నగా లేకపోతే శిల్పం ఎంత రుద్దినా గరుకుగానే ఉంటుంది కనుక జల్లించడంలో బద్ధకం పనికిరాదు. ఈ జిగురు రెండు మూడు రోజులకే పులిసి వాసన వేస్తుంది, అందుకే ఎప్పటికప్పుడు కావలసినంతే చేసుకోవాలి.

చేతిని తడి చేసుకుంటూ మక్కును రెండు మిల్లీమీటర్ల మందాన పరచి, అరచేతి మడమతో కింది నుంచి పైకి ఒకే దిశలో నొక్కుతూ పోవాలి. ఆరుతున్నప్పుడు సన్నని పగుళ్లు రావడం సహజం. వాటిలో పలచని మక్కు నింపి, రెండవ పూత వేయాలి. అసలు కత్తికి పదును ఉన్న వైపు, పొడవునా కొద్దిగా పైకి తేలిన ఒక మెత్తని గీర మాత్రం మిగల్చాలి. వేలితో తడిమితే తెలిసేంత, కంటికి ఒక నీడలా కనిపించేంత చాలు. ఆ గీర ఉన్నంతవరకు ఇది కత్తి అన్న సంగతి మాసిపోదు. పూర్తిగా ఆరాక 80, 150, 220 నంబర్ల ఉప్పుకాగితాలతో వరుసగా రుద్దాలి. ఆ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు కనుక ముక్కుకు మాస్కు కట్టుకుని, ఆరుబయట కూర్చుని చేయాలి. రుద్దడం అయిందనుకున్నప్పుడు చీకటి గదిలో టార్చి లైటును పక్క నుంచి వేసి చూస్తే పగటి వెలుగులో కనిపించని గుంటలు బయటపడతాయి. మెరిసే రంగు వేయబోతున్నాం కాబట్టి ఈ గుంటలన్నీ తరువాత రెట్టింపుగా కనిపిస్తాయి.

తెల్ల ప్రైమరు ఒక పూత వేసి, దాని మీద వంకాయ రంగు వేయాలి. సీసాలో దొరికే ఊదారంగు పచ్చిగా, ప్లాస్టిక్‌లా ఉంటుంది. అక్రిలిక్ రంగుల్లో ముదురు నీలం, ముదురు ఎరుపు సమంగా కలిపి, కొద్దిగా గోధుమరంగు చేర్చి, నలుపుకు ఒక మెట్టు ముందు ఆపితే నిజమైన వంకాయ తోలు రంగు వస్తుంది. పలచగా మూడు పూతలు వేసి, ఆరాక గ్లాసీ వార్నిష్ రెండు పూతలు వేయాలి. మొదలు దగ్గర ఆకుపచ్చ ముచ్చిక చేరిస్తే ఎంత బాగుంటుందో అనిపిస్తుంది కానీ, అది కూడా కళ్ల కోవకు చెందిన కోరికే. ముచ్చిక వచ్చిందంటే పీట మీద వంకాయ కూర్చున్నట్టు ఉంటుంది తప్ప, కత్తి వంకాయ అయినట్టు ఉండదు.

చివరగా పీట మీది ప్లాస్టిక్ తీసేసి, అంచులు గుండ్రంగా రుద్ది, అవిసె నూనె పట్టించాలి. కాలు పెట్టే చోట రెండు మూడు సార్లు ఎక్కువగా పట్టిస్తే అక్కడ రంగు ముదురుతుంది, వాడిన పీట గుర్తు వస్తుంది. పీటకు మాత్రం రంగు వేయకూడదు. పైన జరుగుతున్న అల్లరిని నమ్మించాలంటే కింద ఉన్నది అచ్చమైన పీటే కావాలి. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది, విడదీసి ఆరుబయట ఆరేసిన తరువాతే పారేయాలి.

దీనిని బల్ల మీద కాకుండా నేల మీద, లేదా జానెడు ఎత్తు తిన్నె మీద ఉంచాలి. కత్తిపీటను ఎవరూ కంటి ఎత్తున చూసి ఎరగరు, పై నుంచి వంగి చూస్తారు లేదా దాని ముందు కూర్చుంటారు. గీర ఉన్న వైపు గదిలోకి అడుగుపెట్టే వారికి ఎదురుగా ఉంటే బాగుంటుంది. పేరు పెట్టవలసి వస్తే ‘కత్తిపీట’ అని మాత్రమే రాయాలి, చమత్కారమంతా పేరులోనే చెప్పేస్తే చూసేవారు కనుక్కోవడానికి ఏమీ మిగలదు. ముట్టుకోనివ్వవచ్చు, ముట్టుకోవడానికే దీనిని ఇంత నున్నగా చేశాం. తడిగుడ్డతో తుడవకూడదు, పొడిగుడ్డ చాలు. లోపల ఉన్నది కాగితమూ మైదా జిగురూ కనుక తేమ తగిలే గోడకు దూరంగా ఉంచి, వానలు మొదలయ్యే ముందు ఒకసారి పీటను పక్కకు వంచి, అడుగున తీగల కొసలు తుప్పు పట్టాయేమో, రంధ్రాల చుట్టూ చెదపురుగు చేరిందేమో చూసి, అక్కడ మరో పూత వార్నిష్ వేయాలి.